పద్దెనిమిది చుక్కలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను చుక్కలమ్మ అంటారు. రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్ళ సర్వీసున్న టెక్నీషియన్ని పట్టుకుని అలా పిలవడం ఏం మర్యాదో ఆమెకి అర్థం కాదు కానీ, కాదనడానికి కూడా ఏమీ లేదు. పొద్దున్నే ఏడింటికి వచ్చి, కోటు తొడుక్కుని, ఒక్క రోగి రక్తాన్నయినా ముట్టుకోకముందే గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెట్టడం ఆమె మొదటి పని. మిగతా పనులన్నీ ఆ చుక్క తర్వాతే.

ఆ చుక్క వెనక కథ ఇంతే. జవాబు ముందే తెలిసిన ద్రవం ఒకటి సీసాల్లో వస్తుంది. దాన్ని కంట్రోల్ అంటారు. ఇందులో పొటాషియం ఆరు ఉంది అని కంపెనీ చీటీ మీద రాసి ఉంటుంది. రోజూ పొద్దున దాన్ని మిషనులో పోసి, నువ్వేమంటావ్ అని అడగాలి. మిషను ఆరనో, ఆరుకి కాస్త అటూ ఇటూగానో చెబితే ఆ రోజుకి దాని మాట నమ్మొచ్చు. మరీ దూరం పోతే రోగుల రక్తం దాని దగ్గరికి తీసుకెళ్ళకూడదు.

ఎంత దూరం పోతే మరీ దూరం? అందుకే గ్రాఫు మీద అయిదు గీతలుంటాయి. మధ్యలో ఒకటి, పైన రెండు, కింద రెండు. గీతకీ గీతకీ మధ్య ఉన్న ఎడాన్ని పుస్తకాల్లో స్టాండర్డ్ డీవియేషన్ అంటారు, ల్యాబులో ఎస్‌డి అంటారు, చుక్కలమ్మ మాత్రం అడుగు అంటుంది. చుక్క మధ్య గీతకి ఎన్ని అడుగుల దూరంలో పడిందో చెప్పే అంకె జెడ్ స్కోరు. కాలేజీలో మాస్టారు బోర్డు మీద బోర్లించిన గంట బొమ్మ గీసి, మంచి మిషను చుక్కలు నూటికి అరవై ఎనిమిది ఒక అడుగు లోపలే పడతాయనీ, తొంభై అయిదు రెండడుగుల లోపల పడతాయనీ, అంతకు మించి పోయేవి అయిదేననీ చెప్పాడు. పరీక్షకి బట్టీ పట్టి రాసేసిన పాఠం. అందులో తనకి కావలసిన ముక్క ఒకటి మిగిలిపోయిందని ఆమెకి అప్పట్లో తెలియదు.

ఆ నెలలో ఆమెకి చికాకు పట్టుకున్నది చుక్కలన్నీ మధ్య గీతకి పైనే పడుతున్నందుకు. మిషను తన్ను తాను సరిచూసుకునే ద్రవం ప్యాకెట్టు అయిపోయి కొత్తది పెట్టిన రోజు నుంచీ ఇదే వరస. మొదటి రోజు ఆరు పాయింట్ రెండు తొమ్మిది. మర్నాడు ఆరు పాయింట్ మూడు నాలుగు. ఆ మర్నాడు ఆరు పాయింట్ రెండు ఆరు. గీతకి పైన, గీతకి పైన, మళ్ళీ గీతకి పైన. పై రెండో గీత ఆరు పాయింట్ నాలుగు ఎనిమిది దగ్గర ఉంది కాబట్టి ఏ చుక్కా దాన్ని దాటలేదు. దాటనంత కాలం ఎవరికీ పట్టలేదు.

పదకొండో చుక్క కూడా పైనే పడిన రోజు ఆమె కాగితం పట్టుకుని ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్ళింది. ఇన్‌ఛార్జి చెడ్డవాడేం కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని, ఏ కాగితం మీదయినా గీతలకి లోపల ఉంటే సంతకం, బయట ఉంటే తలనొప్పి అనే ఒక్క సూత్రంతో బండి లాగించుకొస్తున్నాడు. ఇంకో పది రోజుల్లో తనిఖీ బృందం వస్తోంది. ఆ బృందానికి చూపించాలని ఈ కొత్త ప్యాకెట్టుకి ముందటి ఎనిమిది నెలల పొటాషియం గ్రాఫుకి అద్దం కట్టించి ల్యాబు గోడకి తగిలించాడు. రెండు వందల నలభై చుక్కలు, అన్నీ మధ్య గీతని అంటిపెట్టుకుని, ఒక్కటంటే ఒక్కటి మొదటి గీత కూడా దాటకుండా కూర్చున్నాయి. ఆ గ్రాఫు ముందు నిలబడితే ఆయన మొహంలో ఒక వెలుగు.

ఆమె చెప్పింది. గీతకి పైన పడటానికి సగం అవకాశం, కింద పడటానికి సగం. నాణెం ఎగరేసినట్టే. పదకొండు సార్లు వరసగా పైనే పడాలంటే సగాన్ని పదకొండు సార్లు గుణించుకోవాలి, రెండు వేల నలభై ఎనిమిదింట ఒకసారి. మిషను ఎక్కువ చూపిస్తోందని ఆమె అనుమానం.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, జెడ్ ఎంత వస్తోందని అడిగాడు. ఒకటింబావు, మహా అయితే ఒకటిన్నర అంది.

"నాణెం పదకొండు సార్లు బొమ్మ పడకూడదని చట్టం ఏమన్నా ఉందామ్మా? జెడ్ ఒకటింబావంటే పదింట ఒకసారి మామూలుగానే వచ్చేది. గీత లోపల ఉంది కదా. లోపల ఉన్నదాన్ని పట్టుకుని తగువుకొస్తే, బయట పడ్డ రోజున ఏం చేస్తావు?"

కొత్త ప్యాకెట్టు కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందని కూడా అన్నాడు. మిషను కొత్త కోడలా సర్దుకోవడానికి? ఆమెకి ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్న మాటలో తప్పెక్కడుందో ఆమెకి దొరకలేదు. పద్ధతి ప్రకారం ఆయనదే రైటు. జెడ్ ఒకటింబావు. ఏ పుస్తకం తీసినా అది ప్రమాదం కాదనే రాసి ఉంటుంది. గోడకి చెప్పుకున్నా గోడ ఇంత నెమ్మదిగా తిప్పికొట్టదు అని గొణుక్కుంటూ వచ్చి, పన్నెండో రోజున పన్నెండో చుక్క పెట్టింది. అదీ పైనే.

ఇంటి దగ్గర ఇంకో చికాకు నడుస్తోంది. దానికీ మూలం పొటాషియమే.

ఆమె మామగారు నలభై ఏళ్ళు మిషను కుట్టిన దర్జీ. గుండె కాస్త బలహీనపడి, ఒక మాత్ర మీద నడుస్తున్నాడు. ఆ మాత్ర ఒంట్లో నీరు చేరకుండా చూస్తుంది కానీ రక్తంలో పొటాషియం పెంచుతుంది. అందుకని అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. ఏడాదిగా అయిదు పాయింట్ రెండు, అయిదు పాయింట్ మూడు దగ్గర నిలబడి ఉంది. అయిదున్నర దాటితే మాత్రకి చెల్లు అని గుండె డాక్టరమ్మ ముందే చెప్పింది. కొత్త ప్యాకెట్టు పెట్టిన మూడో రోజున చుక్కలమ్మ ఆయన రక్తం తీసి మిషనులో పెడితే అయిదు పాయింట్ ఆరు వచ్చింది.

డాక్టరమ్మ ఒక అవకాశం ఇచ్చింది. అరటిపండ్లు, టమాటాలు, బంగాళాదుంపలు మానేసి వారం తర్వాత మళ్ళీ చూపించమంది. మామగారికి రోజూ సాయంత్రం వీధి చివర దాకా నడిచి, అక్కడ పండ్ల బండి దగ్గర నిలబడి ఒక అరటిపండు తినడం అలవాటు. రోజు మొత్తం మీద ఆయన తనకోసం చేసుకునే పని అదొక్కటే. మారుమాట లేకుండా మానేశాడు. వారం తర్వాత మళ్ళీ అయిదు పాయింట్ ఆరే వచ్చింది. డాక్టరమ్మ మాత్ర ఆపేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో చుక్కలమ్మ మామగారిని నిలబెట్టి అడిగింది. ఇప్పుడు తల్చుకుంటే ఆమెకి అదే గుచ్చుకుంటుంది, నిలబెట్టి అడగడం.

"మామయ్యా, నిజం చెప్పండి. బండి దగ్గర తింటున్నారు కదూ?"

"లేదమ్మా."

"తినకపోతే తగ్గాలి కదా. తగ్గలేదే."

"నేను తినలేదు. ఎందుకు తగ్గలేదో నాకేం తెలుసు?"

"మా మిషను అబద్ధం చెప్పదు మామయ్యా. రోజూ పొద్దున దాన్ని పరీక్ష చేసి మరీ వాడతాను. మీరు మర్చిపోయి తిన్నారేమో."

మర్చిపోయి అన్న మాట దగ్గర ఆయన మొహం ఒక్క క్షణం వాడిపోయిందని ఆమె చూసింది కూడా. చూసి, దొరికిపోయినందుకు అనుకుంది. భర్త హాల్లోంచి, ముసలాయన్ని ఎందుకు పీక్కుతింటావు అన్నాడు. మీ నాన్న గుండె గురించి నాకేనా బెంగ, మీకు లేదా అని ఆమె విసురుగా అంది. దాంతో ఆ పూట ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఆ మర్నాడే ఆమె పదకొండో చుక్క పట్టుకుని ఇన్‌ఛార్జితో తగువు పడింది. మిషను మీద తను పడుతున్న అనుమానానికీ, మామగారి మీద తను పడ్డ అనుమానానికీ చుట్టరికం ఉండొచ్చని ఆమెకి తట్టనే లేదు. జెడ్ ఒకటింబావే కదా. అంత చిన్న తేడా మనిషి మాత్ర దాకా వెళ్తుందని ఎవరనుకుంటారు?

మాత్ర ఆపి వారం తిరక్కుండానే మామగారి పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట పూడటానికి చాలాసేపు పడుతోంది. రెండు మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, పొద్దున్నే రక్తం చూసి వెంటనే చెప్పండి, అది తగ్గకుండా మాత్ర ఇవ్వలేను, ఇవ్వకపోతే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వస్తుంది అంది.

పదిహేడో రోజు సాయంత్రం భర్త పని నుంచి వస్తూ వస్తూ కొత్త చెప్పులు తెచ్చాడు. పాతవి బిగిసిపోయి కాలికి ఎక్కడం లేదని. రెండు సైజులు పెద్దవి. మామగారి కాళ్ళు వాటిలో హాయిగా దూరాయి. సరిపోయాయి కదా నాన్నా అని భర్త సంబరపడ్డాడు.

మామగారు కాళ్ళకేసి చూసుకుని, కొలతలు తీసుకునేవాడు గుడ్డని చూసినట్టు చూసి, మూతి విరిచాడు.

"చెప్పు పెద్దది కొంటే వాపు తగ్గినట్టారా? పాత చెప్పు బిగిసింది కాబట్టే కదా కాలు పొంగిందని తెలిసింది. వీటిలో నా కాలు ఏనుగు కాలైనా తెలీదు. ఎవరి కాలో కొలిచి చేసిన చెప్పులు ఇవి. ఎవరికైనా పడతాయి, ఎవరికీ సరిపోవు."

భర్త చిన్నబుచ్చుకున్నాడు. చుక్కలమ్మ కూరగాయలు తరుగుతున్న కత్తి కిందపెట్టింది. ఏదో తగిలింది కానీ ఏమిటో తెలియలేదు. మర్నాడు పొద్దున మామగారి రక్తం తీసుకుని, ట్యూబు చేతిలో పట్టుకుని బస్సులో కూర్చున్నాక తెలిసింది. తెలిశాక ఇంక బస్సు కదులుతున్నట్టే అనిపించలేదు.

ల్యాబులో అడుగుపెట్టి కోటు కూడా తొడుక్కోకుండా తిన్నగా గోడకున్న అద్దం గ్రాఫు దగ్గరికి వెళ్ళింది. రెండు వందల నలభై చుక్కలు. ఒక్కటీ మొదటి గీత దాటలేదు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి అందరూ శభాష్ అన్నారు. మాస్టారి గంట బొమ్మ ఏం చెప్పింది? నూటికి అరవై ఎనిమిది మొదటి గీత లోపల. అంటే ముప్పై రెండు బయట పడాలి. రెండు వందల నలభైలో ఎనభై దాకా ఆ గీత దాటాలి. ఒక్కటీ దాటలేదంటే మిషను బంగారమని కాదు. గీతలు మరీ దూరంగా గీశారని. ఏనుగు కాలు పట్టే చెప్పు.

అడుగెంతో కంపెనీ చీటీ నుంచి తీసుకున్నారు. ఆ చీటీలో అంకె ఎక్కడిది? ఎన్నో ల్యాబుల్లో, ఎన్నో రకాల మిషన్ల మీద, ఎవరెవరో చేసిన పరీక్షలన్నీ కలిపి తీసిన అంకె. అందరినీ కలిపితే చెదరు ఎక్కువే ఉంటుంది మరి. పాయింట్ రెండు నాలుగు. తమ మిషను సొంత అడుగెంత? ఆమె రిజిస్టరు తీసి, కాలిక్యులేటర్ ముందేసుకుని, పాత ప్యాకెట్టు నాటి అంకెలన్నీ ఒక్కొక్కటే ఎక్కించింది. గంటన్నర పట్టింది. బయట రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వరసలో కూర్చుని దగ్గుతున్నారు. రిసెప్షన్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఆమె తీయలేదు.

పాయింట్ సున్నా ఎనిమిది. కంపెనీ అడుగులో మూడో వంతు.

అప్పుడు ఆ పొద్దుటి కంట్రోల్ పెట్టి పద్దెనిమిదో చుక్క చూసుకుంది, ఆరు పాయింట్ మూడు రెండు. లెక్క తిరగబడింది. ఆ చుక్క కంపెనీ అడుగులతో కొలిస్తే ఒకటింబావు చిల్లర దూరం. తమ అడుగులతో కొలిస్తే నాలుగు. నాలుగు అడుగులు అంటే గంట బొమ్మలో పక్క అంచు కూడా దాటిపోయిన చోటు. ముప్పై వేల రోజుల్లో ఒకరోజు పడాల్సిన చోట వీళ్ళ మిషను పద్దెనిమిది రోజులుగా కాపురం పెట్టింది. ఇన్‌ఛార్జి మాట మీద ఆమెకి ఇప్పుడు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో పెన్సిల్ విరిగింది. మొద్దు మనిషి. గీతల మనిషి. ఏ గాడిద గీసిందీ గీతలు అని కాగితం కింది మూల చూసింది.

అక్కడ ఆమె సంతకమే ఉంది. ఎనిమిది నెలల కిందట, కంట్రోల్ సీసాల కొత్త పెట్టె తెరిచిన రోజున, పని తొందరలో, చీటీలో ఉన్న అంకెలు ఉన్నవున్నట్టు ఎక్కించి, స్కేలు పెట్టి నీటుగా గీసింది తనే. కొద్ది రోజులు నడిపాక సొంత అడుగు లెక్కేసుకుని గీతలు మార్చుకోవాలని మాస్టారు చెప్పిన ముక్క అదే. పరీక్షలో రాయలేదు కాబట్టి మార్కులు పోలేదు. అప్పుడు పోలేదు.

ఎదురుగా ఎవరైనా ఉంటే తిట్టొచ్చు. తన్ను తాను తిట్టుకుంటే ఎంతసేపని తిట్టుకుంటుంది?

లేచి చల్లని గదిలోంచి ఇంకో ప్యాకెట్టు తెచ్చి మిషనుకి మార్చింది. మార్చేముందు, పాడైన ఆ ప్యాకెట్టు మీదే మామగారి ట్యూబు ఒకసారి పెట్టింది. అయిదు పాయింట్ మూడు. వారం రోజులుగా మాత్ర లేకపోయినా ఇంత. కొత్తది ఎక్కించాక కంట్రోల్ పెడితే ఆరు పాయింట్ సున్నా రెండు వచ్చింది, పద్దెనిమిది రోజుల తర్వాత చుక్క తనింటికి, మధ్య గీత దగ్గరికి వచ్చింది. మామగారి ట్యూబే మళ్ళీ పెట్టింది. అయిదు పాయింట్ సున్నా. అదే రక్తం, అదే మిషను. పాయింట్ మూడు గాలిలో పుట్టింది.

అంటే ఆ రెండు అయిదు పాయింట్ ఆరులూ అయిదు పాయింట్ మూడులే. మాత్ర ఆపాల్సిన పని లేదు.

ఇన్‌ఛార్జి వచ్చేసరికి ఆమె పొటాషియం పరీక్షలు నిలిపేసి, తప్పు జరిగిందని రాసే ఫారం నింపుతోంది. ఆయన మొదట నమ్మలేదు. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, అడుగు ఎవరిదో చూపించింది. ఆయన కాగితాలకేసి, గోడ మీద అద్దం కేసి, మళ్ళీ కాగితాలకేసి చూశాడు. తనిఖీ ఎల్లుండి కాక అవతలెల్లుండి. నిన్నటిదాకా పదిహేడు రోజులు, రోజుకి నలభై పరీక్షలు. దగ్గర దగ్గర ఏడు వందల రిపోర్టులు వెనక్కి తిరగేయాలి. ఒక్కో డాక్టరుకీ ఫోన్ చేసి, మేం చెప్పింది తప్పు అని చెప్పాలి.

"ప్యాకెట్టు బాలేదని రాసి వదిలేయమ్మా. ప్యాకెట్టు నిజంగానే బాలేదు కదా. గీతల సంగతి ఎందుకు ఎత్తడం? గీసిందెవరని అడుగుతారు."

"నేనే గీశాను సార్. అదే రాశాను."

"నీ ఉద్యోగం మీదికి వస్తుంది."

"రానివ్వండి. ప్యాకెట్టు ఎవరికైనా పాడవుతుంది. పాడైందని పద్దెనిమిది రోజులు తెలియకుండా చేసింది ఈ గీతలే. ఇవి ఇలాగే ఉంటే మళ్ళీ పాడైనా మళ్ళీ తెలీదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పదకొండో రోజున నువ్వు వచ్చి చెప్పావు కదా అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. చెప్పాను సార్, కానీ నాకూ సరిగ్గా తెలియక చెప్పాను అంది ఆమె. నిజమే. ఆయన మీద విరుచుకుపడదామని పొద్దున్నుంచీ దాచుకున్న మాటలన్నీ ఎందుకో నోటికి రాలేదు. చివరికి ఆయనే లేచి గోడ మీద అద్దం దింపి, బోర్లించి బల్ల కింద పెట్టి, వార్డులకి ఫోన్లు మొదలుపెట్టాడు. ఆమె మొదటి ఫోన్ డాక్టరమ్మకి చేసింది. డాక్టరమ్మ అయిదు పాయింట్ మూడైతే నేను ఆ మాత్ర ముట్టుకునేదాన్నే కాదు అంది. ఇవాళే మళ్ళీ మొదలుపెట్టమంది, రేపు మనిషిని తీసుకురమ్మంది.

మధ్యాహ్నం మూడింటికి ఆమె ఇంటికొచ్చింది. మామగారు కిటికీ పక్కన కుర్చీలో, పాదాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త చెప్పులు గోడ వారగా ఉన్నాయి, ఆయన వేసుకోలేదు. ఆమె మంచినీళ్ళూ మాత్రా తెచ్చి చేతిలో పెట్టింది. పెట్టి, నిలబడే చెప్పింది. మిషను ఎక్కువ చూపించిందనీ, అది తెలియకుండా పోయింది తన తప్పు వల్లేననీ, ఆయన అరటిపండు తినలేదనీ.

"తినలేదా?" అన్నాడు మామగారు.

ఆ అడగడం వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. చుక్కలమ్మ మంచం అంచు మీద కూర్చుంది.

"తినలేదు మామయ్యా. మీరు చెప్పిందే నిజం."

ఆయన మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా కిందపెట్టాడు. లేవబోతుంటే ఆమె పట్టుకుంది. మెల్లగా నడుచుకుంటూ గది తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు మూసి, వెనక గోడ చూపించాడు. గుడ్డ మీద గుర్తులు పెట్టే దర్జీ సుద్దతో, నీలం రంగుది, చుక్కలు వరసగా ఉన్నాయి. ఏడు చుక్కలు. ఆరో చుక్కకీ ఏడో చుక్కకీ మధ్య ఒకచోట ఖాళీ.

"మా అన్న చివరి రోజుల్లో ఇంతే. తినేవాడు, తినలేదని ఒట్టేసేవాడు. నువ్వు మర్చిపోయారేమో అన్నావు చూడు, నాకూ అదే మొదలైందేమో అనుకున్నా. ఆ రోజు నుంచీ సాయంత్రం బండి దగ్గరికెళ్ళి అడిగేవాణ్ణి. అమ్మా, ఇవాళ నేను నీ దగ్గర పండు తిన్నానా అని. లేదు తాతా అనేది. నవ్వేది. వచ్చి ఇక్కడ చుక్క పెట్టుకునేవాణ్ణి."

ఏడు రోజులు. తను అక్కడ గీతకి పైన చుక్క పెట్టి, మా మిషను అబద్ధం చెప్పదని ఇంటికొచ్చి చెప్పిన అవే రోజుల్లో ఈయన నీరెక్కిన కాళ్ళతో వీధి చివరికి నడిచి, పరాయి మనిషిని పట్టుకుని తన మతి గురించి వాకబు చేసుకున్నాడు. ఏదో ఒకటి అడగాలని ఆ ఖాళీ మీద వేలు పెట్టి, ఇదేమిటి మామయ్యా అంది.

"మొన్న కాళ్ళు లేవక వెళ్ళలేదు. అడగందానికి చుక్క ఎలా పెడతాను?"

ఆమె పమిటతో మొహం తుడుచుకుని, గూట్లోంచి సుద్దముక్క తీసి, ఇవాళ్టిది నేను పెడతాను, మీరు తినలేదని నాకు తెలుసు అంది.

మామగారు సుద్ద ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నా మాట చాలేదైతే గోడ ఎందుకు పాడుచేస్తానమ్మా? వెళ్ళి అడిగి రా."

ఆయన గొంతులో కోపం లేదు. కొలత సరిగ్గా పట్టుకోమని కొత్తవాళ్ళకి చెప్పేటప్పటి గొంతు అది. చుక్కలమ్మ చెప్పులేసుకుని, ఎండలో వీధి చివర పండ్ల బండి దాకా నడిచింది. అక్కడ బేరం జరుగుతోంది. తన వంతు వచ్చేదాకా నిలబడి, మా మామగారు ఇవాళ వచ్చి పండు తిన్నారా అని అడిగింది.